ఎడం చేతి గోడ

ఇంజినీర్ల మీద అసిరమ్మకి గౌరవం ఏనాడూ లేదు. ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది వాళ్ళని. తెల్ల టోపీ పెట్టుకుని వస్తారు, గోడకి ఫోను చూపిస్తారు, గోడ వంక చూడకుండానే బాగుందంటారు, కారెక్కి పోతారు. గోడ ఒంగిందో నిలిచిందో చెప్పేది దారానికి వేలాడే తూకపుగుండు. అది పట్టుకుంటే చేతికి సిమెంటు అంటుతుంది కనక దాని జోలికి పోరు. పదహారేళ్ళు బడిలో కూర్చుని వచ్చినవాడికి ఇటుక తడిపి పెట్టాలన్న సంగతి కూడా తెలియకపోతే ఆ బడి దేనికని ఆమె సందేహం. ఆ సందేహం ఇంతవరకూ ఎవరూ తీర్చలేదు.

అందుకే మంగళవారం పొద్దున్న, టాటానగర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లో కొత్తగా లేస్తున్న ఫ్లాట్ల దగ్గర పనివాళ్ళందరినీ పోగుచేసి, ఈ వారం ఇంజినీర్లు కూడా ఇటుక పని నేర్చుకుంటారని మేనేజరు అభినవ్ చెప్పినప్పుడు, ఆమె నెత్తిమీది ఇసుక గమేళా దించకుండానే నవ్వింది. కంపెనీ కొత్త రూలట. చిన్న ఇంజినీర్ల ఉద్యోగం ఖాయం కావాలంటే నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు గోడ ఒకటి తమ చేత్తో కట్టి చూపించాలట. శనివారం బయటినుంచి పరీక్షించే ఆయన వచ్చి గుండు వేసి చూస్తాడట. ఈ సైటులో అలాంటి చిన్న ఇంజినీరు ఒక్కతే ఉంది, అలేఖ్య అనే పిల్ల. చేరి ఆరు నెలలు కాలేదు. అభినవ్ వెనక నిలబడి కొత్త చేతితొడుగులు తొడుక్కుంటోంది. పెళ్ళికూతురు గాజులు తొడుక్కున్నంత భద్రంగా తొడుక్కుంటోందని అసిరమ్మ పక్కనున్న పైడమ్మ చెవిలో ఊదింది.

అభినవ్ ఇంకో మాట కూడా చెప్పాడు. అదే రోజు, అదే ఆయన మేస్త్రీలకి కూడా పరీక్ష పెట్టి ఫొటో ఉన్న కార్డులు ఇస్తాడు. ఇకమీదట కంపెనీ సైట్లలో కార్డు ఉన్నవాళ్ళే తాపీ పట్టాలి. లేనివాళ్ళు మోతకే. పేర్ల జాబితా హెడ్ మేస్త్రి తవిటయ్య రాయించాలి, కింద ఇంజినీరు సంతకం పెట్టాలి.

ఆ మాట విన్నాక అసిరమ్మకి నవ్వు రాలేదు.

ఈ ఊళ్ళో కట్టుబడి పనికొచ్చిన ఆడదాన్ని రేజా అంటారు. రేజా మోస్తుంది, కలుపుతుంది, తడుపుతుంది, అందిస్తుంది. మగవాడు కూలీగా చేరితే నాలుగేళ్ళలో మేస్త్రి అవుతాడు. వాడి తమ్ముడూ అవుతాడు, పనికిమాలిన బావమరిదీ అవుతాడు. రేజా మాత్రం పళ్ళూడేదాకా రేజాయే. విశ్వకర్మ పూజనాడు తాపీలన్నీ తోమి బొట్లు పెట్టేది రేజాలే. మర్నాడు అదే తాపీ పట్టుకుంటే గోడకి అరిష్టం. ఈ శాస్త్రం రాసినవాడు జన్మలో ఇటుక మోసి ఉండడని అసిరమ్మ నమ్మకం.

ఆమె అన్నం సంచిలో, డబ్బా కింద, గుడ్డలో చుట్టి ఒక తాపీ ఉంటుంది. ఒక అంచు అరిగిపోయాక తవిటయ్య పారేసినది. రెండో అంచు అసిరమ్మ అరగదీసింది. ఇప్పుడది మామిడాకంత సన్నగా ఉంది. మధ్యాహ్నం మేస్త్రీలు తిని మెట్లకింద కునుకు తీసే ముప్పావుగంటలో, వెనకవైపు గోడ మీద రెండు వరుసలో మూడు వరుసలో కట్టేస్తుంది. వాళ్ళు లేచి అవి తామే కట్టామనుకుంటారు. నిద్రమత్తులో ఇంత బాగా ఎలా కట్టామని ఒక్కడికీ అనుమానం రాదు. తమ పనితనం మీద మగవాళ్ళకి అంత నమ్మకం. తవిటయ్యకి మాత్రం తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, వరుసలు తేరగా వస్తుంటే వద్దనేవాడెవడు.

టీ వేళ ఆమె అతని దగ్గరికి వెళ్ళింది. సిమెంటు బస్తా మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని పేర్లు రాయిస్తున్నాడు. తన పేరు కూడా రాయించమని అడిగింది.

తవిటయ్య గ్లాసు దించలేదు. "ఏటి, నువ్వా?"

"నానే అన్నా. నాకు పనొచ్చు. నీకూ తెల్సు."

"తెల్సు. నువ్వు ఎడం సేత్తో తాపీ పడతావని కూడా తెల్సు. ఎడం సేత్తో కట్టిన గోడలో ఎవులు కాపరం సేత్తారే? బయటి బాబు సూత్తే మన ముఠా అంతటికీ సిగ్గు. ఎల్లు, ఇటికెలు తడుపు."

ఆ చెయ్యంటే ఆమెకే సిగ్గు. ఇంటి దగ్గర, బాగ్‌బేడాలో, బురదతో కుడిచేతి వాటం నేర్చుకోవాలని ఎన్నిసార్లు చూసిందో. కుడిచేత్తో కట్టిన వరుస పసిపిల్ల అక్షరాల్లా వచ్చేది. వెళ్ళి ఇటుకలు తడిపింది.

ఇక అలేఖ్యకి పని ఎవరు నేర్పాలన్న ప్రశ్న వచ్చింది. ఆడపిల్లకి నేర్పడం తవిటయ్యకి నామోషీ. ముందు సిమెంటు మాలు కలపడం, ఇటుక తడపడం తెలియాలిగా, అసిరి చూపిస్తుందిలెండి అని అభినవ్‌తో చెప్పి చేతులు దులుపుకున్నాడు. అభినవ్‌కి కావలసింది శనివారం ఫొటో. ఎవరు నేర్పితే ఏం?

అలా ఇంజినీరమ్మ రేజా చేతికి చిక్కింది.

*

వాళ్ళకి దొరికిన చోటు కార్లు పెట్టుకోవడానికి వదిలిన కింది అంతస్తు. బుధవారం మొదటి గంటలోనే అసిరమ్మ తన అభిప్రాయాలన్నిటికీ సాక్ష్యం సంపాదించింది. ఆ పిల్ల మాలుని చెంచాతో పాయసం తీసినట్టు తీస్తుంది. ఇటుకని పెట్టాక వెనక్కి జరిగి చూసుకుంటుంది, ఆ లోపల మాలు బిగుసుకుంటుంది. ఇసుక ఎన్ని పాళ్ళో, నీళ్ళు ఎన్ని పాళ్ళో లెక్క గడగడా అప్పజెప్పింది గానీ, ఎదురుగా ఉన్న ముద్ద జారుగా ఉందో గట్టిగా ఉందో చెప్పలేకపోయింది. పైగా తెలుగింట పుట్టి తెలుగుకి హిందీలో జవాబిస్తుంది. కద్మాలో పెద్ద క్వార్టరట, నాన్న నారాయణమూర్తిగారు కార్ఖానాలో ఆఫీసరట. అసిరమ్మ తెలుగులో తిడుతుంది, ఆ పిల్ల 'జీ మౌసీ', అంటే అలాగే పిన్నీ, అంటుంది. తిట్టు అర్థమైందో లేదో తెలియనప్పుడు తిట్టినవాళ్ళకి తృప్తి ఏముంటుంది?

"ముద్ద పరువు, ఇటికె పెట్టు, తాపీ పిడితో రెండు దెబ్బలెయ్యి," అని చెప్పింది. "మూడోది యేసినావంటే దానికి కోపమొస్తాది."

అలేఖ్య మూడోది వేసింది. ఇటుక పక్కకి జారింది.

సాయంత్రానికి చేతితొడుగులు చిరిగాయి, రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. రేపు రాదని అసిరమ్మ పైడమ్మతో పందెం కాసింది. గురువారం ఆ పిల్ల తనకంటే ముందే వచ్చి, బొబ్బలకి గుడ్డ చుట్టుకుని, ఇటుకలు తొట్టిలో నానబెట్టి కూర్చుని ఉంది. పందెం పోయినందుకు అసిరమ్మకి ఇంకా చిరాకేసింది.

ఆ రోజు ఇటుకల మధ్య సందుని తాపీ కొసతో గీసి నున్నగా చెయ్యడం చూపించింది. దాన్ని దరజు తియ్యడమంటారు. అలేఖ్య ఎదురుగా నిలబడి తదేకంగా చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"మౌసీ, ఆప్ లెఫ్టీ హో క్యా?"

"కాదు. అన్నం కుడిసేత్తోనే తింతాను. తాపీ ఒక్కటే ఎడం సేతికొచ్చింది." చెప్పడం ఇష్టంలేకే చెప్పింది. "గోడకి అటేపు మేస్త్రి ఉంతాడు. ఇటికె అందించే దాన్ని, నానిటేపుంతాను. ఆడి కుడి సెయ్యి నాకెదురుగా ఏ సేతికొత్తాదో నువ్వే సూసుకో. ఎవులూ నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పలేదు. ఎదర నిలబడి సూసినాను, అద్దంలో సూసినట్టు."

అలేఖ్య తన చేతిలోని తాపీ వంక చూసుకుంది. ఎదురు నిలబడి నేర్చిన విద్య, మళ్ళీ ఎదురు నిలబడి నేర్చుకునేసరికి ఆమె కుడిచేతికే వచ్చి చేరింది. తరువాత వంగి ఇద్దరి దరజులూ పక్కపక్కన చూసింది. గీత ఆగిన చోట మాలు చిన్న తోకలా మిగులుతుంది. అలేఖ్యది కుడివైపుకి ఉంది, అసిరమ్మది ఎడమవైపుకి. మధ్యాహ్నం వరుసల సంగతి కూడా అసిరమ్మ నోట రాబట్టి, ఇన్నేళ్ళుగా కట్టిన వాటిలో ఆ తోకలు ఎవరికీ కనపడలేదా అని అడిగింది. మీద ప్లాస్టరింగు పడ్డాక ఎవరి తోక ఎటుంటే ఎవరిక్కావాలని అసిరమ్మ అంది.

ఆ పిల్లతో చెప్పి ఉండకూడదేమో అనిపించింది గానీ, లోపల ఎక్కడో బాగానే ఉంది. మనిషి మీద ఉన్న చులకన కాస్త తగ్గిందని కూడా అనుకుంది. అది గంటసేపు నిలిచింది. గంట తరువాత తవిటయ్య జాబితా పట్టుకొచ్చాడు. అలేఖ్య ఫోనులో ఎవరితోనో కంకర లారీ గురించి మాట్లాడుతూ, ఒక్క పేరు కూడా చదవకుండా, స్తంభానికి ఆన్చి సంతకం గీకేసింది. అసిరమ్మ మూడడుగుల దూరంలో గమేళా పట్టుకుని నిలబడే ఉంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ, అనుకుంది. ఎంత బొబ్బలెక్కినా ఇంజినీరు ఇంజినీరే.

*

శుక్రవారం అలేఖ్య పరీక్ష గోడ కట్టింది. ఇటుక అందించడం వరకే మనిషి సాయం ఉండొచ్చు, మాట సాయం కూడా ఉండకూడదని రూలు. అసిరమ్మ ఎదురు నిలబడి అందించింది. తొమ్మిది వరుసలు బాగానే లేచాయి. పదో వరుస దగ్గర దారం వదులైంది. ఆ పిల్ల చూసుకోలేదు. అక్కణ్ణుంచి గోడ వెంట్రుకవాసి వెంట్రుకవాసి బయటికి ఒరుగుతూ వచ్చింది. అసిరమ్మ నోరు విప్పలేదు. రూలని కాదు, నిన్నటి సంతకం మీది కోపంతో.

ఒంటిగంటకి పదహారో వరుస అయింది. అలేఖ్య గుండు వేసింది. పైన దారానికీ గోడకీ మధ్య ఎంతుందో, కింద ఎంతుందో స్కేలు పెట్టి కొలిచింది. అర అంగుళం తేడా. మళ్ళీ కొలిచింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. మొహం చిన్నబోయింది. ఆ లోపల అభినవ్ ఆఫీసుకి రమ్మని కబురుపెట్టాడు, వెళ్ళిపోయింది.

ఏం జరుగుతుందో అసిరమ్మకి తెలుసు. అభినవ్ ఆ వచ్చే ఆయనకి మంచి టిఫిను పెట్టిస్తాడు. అర అంగుళమే కదా అంటాడు. పిల్ల పాసవుతుంది. ఆ గోడ మాత్రం ఒంగి అలాగే నిలబడుతుంది, ముఠా అంతా దాన్ని చూసి అసిరమ్మ నేర్పిన గోడ అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎడం చెయ్యి నేర్పితే ఇంతేనంటారు.

ఆ మాటే ఆమెని కూర్చోనివ్వలేదు. మేస్త్రీలు మెట్లకింద నిద్రపోతున్నారు. సంచిలోంచి తాపీ తీసింది. పైన ఏడు వరుసలు ఒక్కొక్క ఇటుకా కదిపి తీసింది, మాలు ఇంకా గట్టిపడలేదు. ఇటుకలు గీకి కడిగి, కొత్త మాలు కలిపి, దారం బిగించి కట్టింది. ముద్ద, ఇటుక, రెండు దెబ్బలు. చేతికి ఆలోచన అక్కర్లేదు. చివరి దరజు తీసి తల తిప్పేసరికి, అవతలి స్తంభం దగ్గర తవిటయ్య బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. బీడీ ఆర్పి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్న టాటానగర్ స్టేషను దగ్గర ఎక్కిన ఆటో ఖర్కాయి వంతెన దాటుతుంటే పైడమ్మ అడిగింది, ఇంత చేసి నీకేం ఒరిగిందని. వంకర గోడ చూడలేక కట్టానంది అసిరమ్మ. అది నిజమే. కానీ ఆ గోడ ఇంజినీరమ్మ పేరున పాసవుతుంది, తను సోమవారం నుంచి మోతకే. సొమ్మొకడిది సోకొకడిది. ఇప్పటిదాకా ముప్పావుగంటైనా దొరికేది, కార్డులొచ్చాక అదీ ఉండదు.

*

పరీక్షించే ఆయన బక్కపల్చటి మనిషి. అభినవ్ పెట్టించిన టిఫిను వద్దన్నాడు. జేబులోంచి రుమాలు తీసి విప్పితే అందులో సొంత తూకపుగుండు ఉంది, ఇత్తడిది, పట్టుకుని పట్టుకుని నునుపెక్కింది. చదువుకున్నవాడి జేబులో గుండు చూడడం అసిరమ్మకి అదే మొదలు.

ముందు అలేఖ్య గోడ. అభినవ్ ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన గుండు వదిలాడు. అది ఊగి, నెమ్మదించి, ఆగింది. పైనా కిందా కొలిచాడు. రెండూ ఒకటే. తల పంకించి కాగితం మీద కలం పెట్టాడు.

అలేఖ్య ఆ దారం వంక చూస్తోంది. తన చిన్న పుస్తకం తీసి ఆయన ముందు తెరిచింది. నిన్న ఒంటిగంటకి తను కొలిచినప్పుడు ఈ గోడ అర అంగుళం ఒంగి ఉందనీ, పై వరుసలు తను కట్టినవి కావనీ, తన గోడ తప్పిందనీ హిందీలో చెప్పింది.

అభినవ్ నవ్వి, పిల్ల మొహమాటపడుతోంది సార్ అన్నాడు. ఆయన నవ్వలేదు. మరి ఎవరు కట్టారని అడిగాడు.

తవిటయ్య ముందుకొచ్చాడు. ఇంజినీరమ్మ కష్టం చూడలేక తనే సర్దానని చెప్పి, ఇందులో గొప్పేముందన్నట్టు చేతులు కట్టుకున్నాడు. మేస్త్రీలంతా అవునన్నారు. నిద్రపోయినవాళ్ళ సాక్ష్యానికి లోటేముంది?

అసిరమ్మ గమేళాతో వెనక నిలబడి ఉంది. తవిటయ్య మీద ఆమెకి కోపం రాలేదు, అతని నుంచి ఇంతకంటే ఏం ఆశిస్తాం. ఆమెని కుదిపింది ఆ పిల్ల. అర అంగుళం తప్పుని, అడక్కుండానే, ఉద్యోగం ఖాయం చేసేవాడి ముందు నాదే అని చెప్పింది. ఇరవై రెండేళ్ళుగా తిన్నటి గోడలు కడుతూ తను ఒక్కదాన్నైనా నాదని చెప్పిందా? ఎవరినో చూసి ఛీ అనుకోవడమే తెలుసు గానీ, తన నోరు ఎన్నడూ తెరుచుకోలేదు. మొదటిసారి తనమీద తనకే చులకన కలిగింది. ఇప్పుడు తెరిస్తే సోమవారం నుంచి తవిటయ్య ముఠాలో మోత కూడా ఉండదు. తెలుసు.

గమేళా దించింది. "ఆ గోడ నాది," అంది.

తవిటయ్య తల తిప్పలేదు. "అసిరీ, ఎల్లి ఇటికెలు తడుపు."

"తడిపినాను. కట్టినాను. నువ్వు బీడీ కాల్సుకుంటా సూసినావు. సెప్పు, అన్నా."

ఆయనకి తెలుగు రాదు, మొహాలు చదవడం వచ్చు. ఏమంటోందని అలేఖ్యని అడిగాడు. ఆమె చెప్పింది. చెప్పి, వంగి, పదో వరుస నుంచి పైకి దరజుల మీద వేలు పెట్టి చూపించింది. కింద తోకలన్నీ కుడివైపుకి, పైన అన్నీ ఎడమవైపుకి. ఆయన బొటనవేలితో ఆ గీతలు రెండు మూడుసార్లు తడిమి, తాపీ తీసుకుని ఒక దరజు గియ్యమని తవిటయ్యకిచ్చాడు. తవిటయ్య గీశాడు. తోక కుడివైపుకి వచ్చింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ కుడికే.

ఆయన జాబితా తిరగేసి, ఈమె పేరు ఇందులో లేదన్నాడు.

అలేఖ్య ఆ కాగితం అందుకుంది. ఈసారి మొదటినుంచి చివరిదాకా ప్రతి పేరూ చదివింది. చదువుతూ ఉంటే చెవులు ఎర్రబడ్డాయి. అడుగున, తన సంతకానికి పైన మిగిలిన జాగాలో, అసిరమ్మ పేరు రాసి పక్కన మళ్ళీ సంతకం పెట్టింది. మనం తరువాత మాట్లాడదామని అభినవ్ పళ్ళ బిగువున అన్నాడు. జీ సార్ అంది.

తన ఎదుట నాలుగు వరుసలు కట్టమని అసిరమ్మతో అన్నాడు ఆయన. మేస్త్రికి ఇటుక అందించడానికి ఒక మనిషి కావాలి. మగవాళ్ళలో ఒక్కడు కదల్లేదు. రేజాకి అందించిన మగాడని రేపు ఆటోలో పేరు పెడతారు. పైడమ్మ కొంగు బిగించుకుంటూ ఉండగానే అలేఖ్య వెళ్ళి గోడకి అటువైపు నిలబడింది.

అసిరమ్మ అన్నం సంచి తెచ్చి, డబ్బా పక్కన పెట్టి, గుడ్డ విప్పింది. రెండు వైపులా అరిగిన ఆ తాపీని తవిటయ్య గుర్తుపట్టాడు. పిడి తనదే. ఆమె దాన్ని ఎడంచేత్తో పట్టుకుంది, అందరూ చూస్తుండగా. వెనక ఎవడో 'ఎడం చెయ్యి' అన్నాడు. ఆమె ముద్ద పరిచింది.

అలేఖ్య ఇటుక అందించింది. అసిరమ్మ పట్టుకుని చూసి వెనక్కి ఇచ్చేసింది. పొడిగా ఉంది. అలేఖ్య దాన్ని తొట్టిలో ముంచి మళ్ళీ ఇచ్చింది. రెండు దెబ్బలు. ఇంకొకటి. రెండు దెబ్బలు. గోడకి ఆ పక్క నిలబడి ఎప్పుడూ పైకి చూడడమే గానీ, ఈ పక్కనుంచి ఎదుటి మనిషి తల ఇలా కనబడుతుందని అసిరమ్మకి తెలియదు. ఆ పిల్ల పాపిట్లో సిమెంటు దుమ్ము ఉంది.

నాలుగో వరుస అయ్యాక ఆయన గుండు వదిలి, చాలాసేపు చూసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పూర్తి పేరు అడిగి రాసుకున్నాడు. కార్డు మీది ఫొటోకి టోపీ తియ్యాలన్నాడు. ఆమెకి టోపీ లేదు, తలగుడ్డే. చాలు, నాలుగే అడిగాను, ఆపమన్నాడు.

అసిరమ్మ అయిదో వరుసకి దారం కట్టింది. చెయ్యి చాపింది. అలేఖ్య ఆయన చేతిలోని తన గోడ కాగితం వంక చూస్తూ నిలబడిపోయింది.

"అటేటి సూత్తావు," అంది అసిరమ్మ. "తడుపు."

"తడుపుతున్నా, మౌసీ," అంది అలేఖ్య, తెలుగులో.